మంగళవారం తలస్నానం

మంగళవారం ఎవరూ జుట్టు కత్తిరించుకోరు గనక
నాకు సెలవు.
మిగతా ఆరు రోజులూ దిల్‌సుఖ్‌నగర్‌లో
చెప్పుల షాపు పైన, మొదటి అంతస్తులో
పరాయి తలల మీద బతుకుతాను.

ఉంగరాల జుట్టును ఇస్త్రీ చేస్తాను.
సాపు జుట్టుకు ఉంగరాలు తిప్పుతాను.
మందు పొగ కళ్ళలో దూరితే
ఏసీ చల్లదనం అని తుడుచుకుంటాను.
నా వేళ్ళ సందుల్లో తోలు
పాత గోడ సున్నంలా పెచ్చులూడుతుంది.

సోమవారం రాత్రి కుంకుళ్ళు కొడతాను.
పదిహేను కాయలు, ఒక్కో దెబ్బ.
"మళ్ళీ మేకులా?" అని కింది వాటావాళ్ళు.
గింజలు మా నవనీత ఏరుకుంటుంది, గచ్చకాయలాటకు.
తొక్కలూ, నాలుగు శీకాయలూ వేడినీళ్ళలో,
గుప్పెడు మెంతులు వేరే గిన్నెలో.

నూనె మాత్రం నెలకోసారే.
బేగంబజార్ గానుగ కొబ్బరినూనె,
వాచ్‌మన్ భార్య దాచిపెట్టే రెక్కమందారాలు
(ముద్దమందారం పనికిరాదు, అది దేవుడికే),
రుఖియా బాలాపూర్ నించి చున్నీలో మూటకట్టి తెచ్చే
గుంటగలగరాకు.
"మురికి కాలువ పక్కది కాదు అక్కా, కసమ్."

ఇనుప మూకుడు మా అమ్మది.
అడుగున ఒక సొట్ట, అందులో ఎప్పుడూ చెంచాడు నూనె మిగులుతుంది.
చిటపటలు తగ్గాక వత్తి ముంచి వెలిగిస్తాను.
వత్తి చిటచిటలాడిందా, ఆకులో ఇంకా నీళ్ళున్నట్టు.
ఊరుకుందా, నూనె అయినట్టు.
ఇంత సూటిగా మాట్లాడే వస్తువు
మా పార్లర్లో ఒక్కటీ లేదు.

మంగళవారం పొద్దున కృష్ణా నీళ్ళొస్తాయి, నలభై నిమిషాలు.
బోరునీళ్ళకి తల ఇవ్వను.
కుంకుడు రసం కంట్లో పడి నవనీత అరుస్తుంది.
నోట్లో ఉప్పుగల్లు పెడతాను.
ఉప్పు కరిగేలోపు
రెండు చెంబులు పోసేయాలి.

"నీ జుట్టుకేం వాడతావమ్మాయ్?"
అడిగింది వైదేహి గారు, పోయిన శ్రావణంలో.
అద్దంలో మేడం కళ్ళు నన్నే చూస్తున్నాయి.
షెల్ఫులో వెయ్యి ఎనిమిదొందల సీసా చూపించాను.
ఆవిడ కొనుక్కుంది.
ఆ రాత్రి జడ వేసుకోలేదు నేను,
ముడి చుట్టి పడుకున్నాను.

దీపావళికి వచ్చేసరికి
దువ్వెన పెడితే దారపు ఉండల్లా ఊడొస్తోంది.
ఆవిడేమీ అనలేదు.
నేను ఊడ్చి, చేటలోకెత్తి,
చెత్తబుట్టలో వేయబోయి ఆగాను.
ఒక మనిషి జుట్టు అంత తేలిగ్గా ఉంటుందా!

మెట్ల మీద అందుకున్నాను ఆవిణ్ణి.
దగ్గుమందు సీసాలో నా నూనె.
"ఎంత?"
"సీసా తిరిగిచ్చేయండి, చాలు."
చెప్పాల్సిన ఇంకో మాట నోటిదాకా వచ్చింది.
కింద ఆటో హారన్ కొట్టాడు.

సంక్రాంతి దాటాక సీసా తిరిగొచ్చింది,
కడిగి, మూత బిగించి.
"బాగుంది నూనె. సగం మా అత్తమ్మ మోకాళ్ళకు పోయింది"
అని నవ్వి కుర్చీలో కూర్చుంది.
నుదుటి దగ్గర
దువ్వెనకి అందని బుల్లి వెంట్రుకలు
నిలబడి ఉన్నాయి.
చూశాను. చెప్పలేదు. దిష్టి.

"ఆదివారం మా మరిది పెళ్ళి.
మళ్ళీ సాపు చేసెయ్."

చేశాను. నా పని అదే కదా.
వేడి పలకల మధ్య మొదటి పాయ పెట్టగానే
సన్నగా పొగ లేచింది.
మందు వాసన కాదు.
మెంతులు, మందారం, మా ఇనుప మూకుడు.

మేడం గల్లాపెట్టె దగ్గర తలెత్తింది:
"ఎవరే, ఇక్కడ పోపు వేస్తున్నది?"

రుఖియా దగ్గింది.
వైదేహి గారు అద్దంలో నన్ను చూసింది.
నేను రెండో పాయ తీసుకున్నాను.