తేనె పూసిన కత్తి

హోబర్ట్‌లో జూలై. కొండ మీద మంచు.
మూడో అంతస్తులో నా బల్ల మీద
మైనపు దిమ్మలు, ముప్పై రెండు.
ఒక్కోదానిలో ఒక్కో ఎలుక పేగు ముక్క,
చిటికెన వేలి గోరంత.

ఎనిమిదింటికి ఉత్త నీళ్లు పోశారు.
ఎనిమిదింటికి రంగునీళ్లు,
పుట్టినరోజు కేకుల మీద మెరిసే ఆ ఎరుపే.
ఎనిమిదింటికి తేనె.
మిగిలినవాటికి పొద్దున తేనె, సాయంత్రం రంగు.
ఏ దిమ్మ ఏ గుంపుదో నాకు చెప్పరు.
నాకు అంకెలే.

తేనె తెచ్చేది డెస్మండ్ ట్రెలోర్.
పడమటి అడవుల్లో లెదర్‌వుడ్ పూసేవేళ
లారీ నిండా పెట్టెలు తోలుకుపోయి
రెండు నెలలు వాటి పక్కనే పడుకునే మనిషి.
డబ్బా అందిస్తూ ప్రతిసారీ అడుగుతాడు,
"ఎలా ఉన్నాయి మీ ఎలుకలు?" అని,
వియ్యాలవారి క్షేమం కనుక్కున్నట్టు.
బాగున్నాయంటాను.
అబద్ధం. నా బల్ల దాకా వచ్చేసరికి
క్షేమం అడిగే దశ దాటిపోయి ఉంటాయవి.

తేనె పూసిన కత్తి అనేది మా మేనత్త,
చిట్టీ డబ్బు ఎగ్గొట్టిన రంగాజీని.
ఆ మాట నోట్లో ఉండగానే
ఇక్కడ నా యంత్రం పిడి తిప్పుతాను.
నాలుగు మైక్రాన్ల మందాన
మైనపు రిబ్బను జారుతుంది.
ఉల్లిపొర దీని ముందు దుప్పటి.
తేనె తాగిందో రంగు తాగిందో తెలియని పేగును
కోస్తున్న ఈ కత్తికి
ఏ తీపీ అంటదు.
దీనికి రెండు మాటలు లేవు, అత్తా.

గోరువెచ్చని నీటి మీద తేలించి
గాజుపలక మీదికి ఎక్కిస్తాను.
అప్పటికి ఏమీ కనపడదు.
రంగు లేని పేగు
అద్దం మీద వదిలిన ఊపిరి.

అందుకని రంగు వేయాలి.
ఒకటి, చెట్టు చేవలోంచి తీసిన ఊదా.
ఇంకొకటి, ఫ్యాక్టరీలో పుట్టిన గులాబీ.
దానికి ఉషస్సు పేరు పెట్టాడట ఎవరో.
రంగు చేసిన గాయం చూడ్డానికి
మళ్లీ రంగే కావాలి.
ఈ సంగతి చేరిన వారానికే గమనించాను.
భోజనాల దగ్గర చెప్పే సంగతి కాదు.

మొదటి పలక:
పేగు గోడ నిండా వెన్ను తీసిన వరిచేను.
రెండోది:
గాలివాన వెలిసిన మర్నాడు.
దుబ్బులు ఒరిగి, కొన్నిచోట్ల మొదలే లేచిపోయి,
మడి మధ్య ఊదా చుక్కల గుంపులు,
నష్టం చూడ్డానికి పోగైన జనంలా.

పద్దెనిమిదో పలక దగ్గర ఆగాను.
ఇక్కడా గాలి వీచింది, తెలుస్తోంది.
అంచుల్లో కొన్ని దుబ్బులు వంగాయి.
చేను మాత్రం నిలబడే ఉంది,
రాత్రంతా ఎవరో
నడుం పట్టుకుని కూర్చున్నట్టు.

ఐలాను కేకేయబోయి మానేశాను.
పుస్తకంలో రాశాను:
పద్దెనిమిది. నిటారు. స్వల్ప వాపు.
ఒక్క పలక మందు కాదు.
ఎలుక మనిషి కాదు.
ఇవి మరిచిపోకుండా ఉండడానికే నాకు జీతం.

సాయంత్రం ఎవరిదో పార్టీ నుంచి
మా మేధ నీలం నాలుక చాపుకుంటూ వచ్చింది.
గరళం మింగినాయన గొంతులో ఆపేశాడు.
దీనికి ఆ విద్య రాదు.
కిందికి, ఇంకా కిందికి,
మడి దాకా.
తిట్టబోయి ఊరుకున్నాను.
అలమరలో డెస్మండ్ ఇచ్చిన చిన్న సీసా ఉంది.
చెంచా నాకి మొహం చిట్లించింది,
"తడిసిన అడవి వాసన."
అవునన్నాను.
ఎందుకు పెట్టానో అడగలేదు, నేనూ చెప్పలేదు.
చెప్పడానికి లెక్కలు ఇంకా తేలలేదు.

మర్నాడు పొద్దున
పద్దెనిమిదిని పెట్టెలో దాని గాడిలో దించాను.
అది ఏం తాగిందో డిసెంబరు దాకా తెలియదు.
నీ కడుపు చల్లగా, అంటాం కదా మనం,
మేలు చేసినవాళ్లను.
అన్నాను. తెలుగులోనే,
ఆలస్యంగానే,
మూత వేసే ముందు.

పంతొమ్మిదోది తీశాను.