రాత్రి పదిన్నరకు

మొదటిసారి పగటిపూట పోయిన.
రుమైతియాల మూడంతస్తుల ఇల్లు.
రౌటరేమో కింద దివానియాల,
పిల్లగాని గదేమో అన్నిటికంటె పైన.
నడుమ గోడకు తొర్ర కొట్టనియ్యదు మేడం,
పాలరాయి పగులుతదట.
అందుకే కరెంటు తీగలకెళ్ళే ఇంటర్నెట్టు పంపుడు.
కింద ప్లగ్గుకొక డబ్బి, పైన ప్లగ్గుకొక డబ్బి,
ఒకే రాగితీగల ఇద్దరు కూలీలు
ఒకడు బరువు మోసేటోడు
ఒకడు మాట మోసేటోడు.

మూడు లైట్లూ పచ్చగున్నయ్.
మాఫీ ముష్కిల్ అన్న.
"రాత్రి పదిన్నరకు రా" అన్నడు బద్ర్,
పదమూడేండ్లోడు, చెవుల మీది డిప్పలు తియ్యకుండనే.

రెండోసారీ పగలే.
ఎక్స్‌టెన్షన్ బాక్సుల గుచ్చిన డబ్బిని పీకి గోడకే పెట్టిన.
బటన్లు నొక్కి జత మళ్ళ కలిపిన,
ఒకదాన్నొకటి గుర్తుపట్టేదాంక
పెండ్లిచూపుల కాడ పేరయ్య లెక్క నిలబడ్డ.
మెయిన్ బోర్డు తెరిచి
అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుంట
రెండూ ఒకే ఫేజు మీదున్నయా అని చూసిన.
ఉన్నయ్.
సంతకం తీస్కొని ఎండల పడ్డ.

తెల్లారి వర్గీస్ సారు ఫోను: మళ్ళ అదే ఇల్లు.

మూడోసారి, ఓవర్‌టైం లేని రాత్రి.
పదీ ఇరవై ఎనిమిది. పచ్చ.
పదీ ముప్పై ఒకటి. ఎర్ర.
పైనుంచి బద్ర్ కేక,
ఆటల ఎవడో వాణ్ణి కాల్చి పారేసిండు.
చేపలతొట్టి మోటరు పీకిన.
చేపలు నా దిక్కు చూసినయ్. ఎర్ర.
బట్టలారేసిన ట్రెడ్‌మిల్లు పీకిన. ఎర్ర.
దివానియా షాండ్లియరు ఆపిన,
చీకట్ల ముసలాయన దగ్గిండు.
ఎర్ర.

అప్పుడు కనబడ్డది మెట్లకింది తలుపు.
సామాన్ల అర్ర అనుకున్న గద,
రెండుసార్లూ లెక్కలకు తీస్కోలె.
లోపటికెళ్ళి గుసగుస:
"ముప్పై ఎనిమిది... నలభై... నలభై రెండు,
ఎవురన్నా పైన ఉండారా?"

తలుపు కొట్టిన.
పరుపు, సూట్‌కేసు, ఇస్త్రీ బల్ల,
చెవికాడ ఫోను పెట్టుకొని రెడ్డెమ్మ.
గోడకు తెల్ల చార్జరు,
శుక్రవారం అంగట్ల పావు దీనారుది,
కీచురాయి లెక్క సన్నగ ఒర్రుతున్నది.
ఏ ఊరమ్మా అన్న తెలుగుల.
"గాలివీడు కాడ. పాట జరగతాండాది,
రెండు నిమిషాలు తాళు నాయనా."

ఇరవైమంది చీటీ, మనిషికి పది దీనార్లు.
సాల్మియాల ఒక వంటిల్లు, హవల్లీల ఒక బాల్కనీ,
జహ్రాల ఎవరి పిల్లల్నో పండబెట్టిన మంచం అంచు,
అందరి చేతులు తడారేది పదిన్నరకే.
నలభై రెండుకు జహ్రా ఓబులమ్మ కొట్టుకపోయింది.

చార్జరు పీకిన.
ఫోన్ల చూస్తె పైన డబ్బి దొరికింది.
పెట్టిన. పోయింది.
పీకిన. దొరికింది.
మూడుసార్లు చేసిన,
రోగం ఇంత చిన్నగుంటే నమ్మబుద్ధి కాదు.

కాయితంల ఒక గడి ఉంటది: కారణం.
మెట్లకింది గది అని రాస్తె
రేపటికెళ్ళి ఆ గదిల ప్లగ్గే ఉండది.
"తీగల రొద. సాఫు చేసిన" అని రాసిన.
అబద్ధం గాదు.

సంచిలున్న నా సొంత చార్జరు తీసి
గోడకు గుచ్చిన.
చప్పుడు లేదు. పైన ఎవర్నో కాల్చి
బద్ర్ గట్టిగ నవ్విండు.

"లెక్క ఎంత?" అన్నది రెడ్డెమ్మ.
ఎంత లెక్క అని ఎదురడిగి
ఆమె బేరమాడుతుందని చూసిన.
వాళ్ళ దిక్కు పైసలనే లెక్క అంటరని
యాదికొచ్చే సరికి
పర్సు తెరిచే పెట్టింది.
పైసలొద్దు, వచ్చే చీటీల నా పేరు రాయి అన్న.

ఇందాక ఒక్కొక్క ప్లగ్గును నేను చూసినట్టే
కింది నుంచి మీదిదాంక నన్ను చూసింది.

"రాస్తా గానీ,
నీకు షూరిటీ ఎవురు?"