కరెక్షన్ వద్దు

పాతపోస్టాఫీసు వీధిలో మా కిటికీ
మూస్తే ఉక్క, తీస్తే పోర్టు.
పొద్దున్నే మానిటర్ మీద గీత గీస్తే
వేలికి నలుపు.
రాత్రి బొగ్గు ఓడ వచ్చిందన్నమాట.

ఆ గుడ్డతోనే కళ్లజోడూ తుడుచుకుని కూర్చుంటాను.
ముందు తెర వెలుగు తగ్గించాలి, సగానికి పైగా.
తెర దీపంలాంటిది, తనంత తానే వెలుగుతుంది.
కాగితానికి ఆ సొమ్ము లేదు,
ఎవరింటి వెలుతురో అప్పు తెచ్చుకోవాలి.
ఇది తెలియక నా మొదటి పన్నెండు ప్రింట్లూ
అమావాస్యనాటి భీమిలి రోడ్డు.

ఇవాళ అసిరమ్మ ఫోటో.
వ్యాగన్ల కింద రాలిన బొగ్గు ఊడ్చే మనిషి,
చీపురు ఒళ్లో పెట్టుకుని పట్టాల పక్కన టీ తాగుతోంది.
రంగు తీసేయడం ఒక్క మీట పని. అలా తీస్తే
ఆమే, గోడా, ఆకాశమూ ఒకే బూడిద.
అందుకని ఎరుపుని కొంచెం పైకి, నీలాన్ని కిందికి.
కోక మీద చుక్కలు లేచాయి,
స్టీలు గ్లాసు అంచున గోరంత తెలుపు.

కొప్పు దగ్గర ఆగాను.
అక్కడ సున్నా చూపిస్తోంది.
సున్నా అంటే గొయ్యి, అందులో పడ్డది
ఏ ల్యాబువాడూ పైకి తీయలేడు.
పన్నెండుకి లాగితే
పాయలు విడివిడిగా, వాటి మధ్య ఒక పిన్నీసు.

డాబాగార్డెన్స్‌లో సన్యాసిరావు ల్యాబు.
పన్నెండు బై పద్దెనిమిది, మ్యాట్.
"రంగు కాగితం మీదే వేస్తామండి,
కాస్త పచ్చ కొడితే ఏమనుకోకండి."
కొట్టింది, నాచు పట్టిన గట్టులా.
రెండోసారి పచ్చ పోయింది.
బాగుందనుకుని కాన్వెంట్ జంక్షన్ దగ్గర బస్సు దిగి
అసిరమ్మకి ఇచ్చాను.

చేతులు కోకకి తుడుచుకుని పట్టుకుంది.
"ఈ ఎర్రావిడెవుర్తి బాబూ?"

నలుపు తెలుపు బొమ్మలో ఎరుపా!
అప్పుడు చూశాను.

"మిషన్ దానంతటదే చేసేస్తుంది," సన్యాసిరావు నవ్వాడు,
"మొహం కనబడితే చాలు, తేట చేస్తుంది.
పెళ్లికూతుళ్లు అలవాటు దానికి."
నిజమే. ఆల్బముల ప్రకారం
ఇరవయ్యేళ్లుగా ఈ ఊళ్లో
ఒక్క నల్లపిల్లకీ పెళ్లి కాలేదు.

మూడోసారి కవరు మీద స్కెచ్‌పెన్నుతో రాశాను:
కరెక్షన్ వద్దు.
దాని కింద మళ్లీ: మొహం ఉన్నా వద్దు.
ముందు నాలుగంగుళాల పట్టీ ఒకటి వేయించి
ఎండలోకి తెచ్చి చూశాను, నీడలో చూశాను,
సోడాబండి కుర్రాడు కూడా చూసి
"ఎవరండీ, మీవాళ్లా?" అన్నాడు.
ఏం చెప్పాలో తెలియక సోడా తాగాను.

అసిరమ్మ ఈసారి ఏమీ అడగలేదు.
చాలాసేపు చూసి
బొటనవేలు కొప్పు మీద ఆనించి
"ఇదిగో నా పిన్నీసు. మొన్న పట్టాల కాడ పడిపోనాది," అంది.

వేలు తీశాక అక్కడ ఇంకాస్త నలుపు.
పదో, ఎనిమిదో.
నేను కొలవలేదు.