నలుపు

కటోవిట్సేలో టీవీల దుకాణం.
గోడ నిండా ఒకే చిలక
పద్నాలుగు తెరల్లో
పద్నాలుగు పచ్చలుగా ఎగురుతోంది.

"రంగులు చూడండి" అంటాడు కుర్రాడు.
బోగుమిల్ చూడడు.
"ఆ చిలకను తీసెయ్. ఏదైనా రాత్రి పెట్టు."

ముప్పయ్యొక్కేళ్ళు బొగ్గు గనిలో దిగినవాడు.
మొదటి తెర ముందు, "ఇది బూడిద."
రెండోదానికి, "మసిగుడ్డ."
అన్నిటికన్నా ఖరీదైనదాని దగ్గర
ఏమీ అనలేదు,
కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

లాంతరు ఆరిపోయిన రోజు
ఆరువందల మీటర్ల లోతున
తన చెయ్యి తనకే కనబడని నలుపు,
స్టానిస్వావ్ దగ్గు మాత్రం వినబడుతూ వినబడుతూ
ఆగిపోయిన నలుపు.
ఇంచుమించు ఇదే.

"దీన్నే ప్యాక్ చెయ్యమంటారా?"

"వద్దు బాబూ.
ఆ మసిగుడ్డది ఇవ్వు.
రాత్రిళ్ళు ఒక్కణ్ణే చూడాలి.
రేటేమైనా తగ్గుతుందా?"