బుడగలు

ఎర్రనీళ్లలో నానిన ఒళ్లు ఆయనది,
క్లోరిన్ వాసనకు ముక్కు చిట్లించినాడు.
కర్నూలు స్టేడియం ఈతకొలను, పొద్దున ఆరున్నర.
ఫైరాఫీసు పిల్లోళ్లు నలుగురు, వాళ్ల పక్కన
అరవైమూడేండ్ల ఉరుకుందన్న.
గళ్ల లుంగీ మడిచి మెట్టు మీద పెట్టి
దాని మీద బీడీకట్ట, దాని మీద అగ్గిపెట్టె.

నాకు ఈత నేర్పింది ఈయనే.
కేసీ కాలువలో, చాకిరేవు బండల కాడ,
నడుముకు ఎండిన సొరబుర్ర కట్టి
"బిగబట్టు మే ఊపిరి, బిగబట్టు!" అని
నెత్తి మీద చెయ్యేసి ముంచి లెక్కబెట్టేవాడు.
దూదేకులోళ్ల ఆడపిల్లకు ఈతెందుకని
గట్టు మీద మా జేజి తిడతా ఉంటే
ఆయన లెక్క నలభై దాటేది.

ఇప్పుడు నా పాఠంలో మొదటి మాట
దానికి ఎదురు మాట:
ఊపిరి బిగబట్టొద్దు.
వీపు మీద సిలిండరు ఉన్నంతసేపు
ఎప్పుడూ, ఎందుకూ, బిగబట్టొద్దు.
పైకొచ్చేకొద్దీ లోపలి గాలి ఉబ్బుతుంది,
దాచుకున్నదే చీల్చేస్తుంది.

ఈ ఒక్క మాట చెప్పే హక్కు కోసం
పుదుచ్చేరి సముద్రంలో రెండుసార్లు పరీక్ష రాసినాను.
రాయడమంటే కాగితం మీద కాదు.
పన్నెండు మీటర్ల లోతున, ఇసకలో మోకాళ్లూని,
అద్దంలో చేరిన నీళ్లను ముక్కుతో ఊది
బయటికి ఎట్లా తోలాలో
నోరు లేకుండా నేర్పడం.
మొదటిసారి తప్పినాను,
బాగా చేసినందుకు.
మూడు సెకన్లలో అద్దం ఖాళీ.
పరీక్షాధికారి పలక మీద పెన్సిలుతో రాసి చూపినాడు:
నువ్వు చేస్తున్నావు. చూపించడం లేదు.

ఆ రాత్రి బస్సు తిరుపతి దాటి, కడప దాటి,
నిద్రపట్టక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే
మా అబ్బ దూదేకే విల్లు గుర్తొచ్చింది.
నారి మీటి, పోగు విడిందాకా ఆగి,
మళ్లీ మీటేవాడు.

"తేలేదానికి సొరబుర్ర కడితిని గానీ
మునిగేదానికి సీసం కట్టుకోవాల్నా మే?"
నవ్వుకుంటానే ఉరుకుందన్న దిగినాడు.
నోట్లో రెగ్యులేటరు, అద్దంలో పెద్దవైన కండ్లు.
పిల్లోళ్ల తలల మీద బుడగలు, ఎసరు మరిగినట్టు.
ఆయన తల మీద ఏమీ లేదు.
ఇరవై. ముప్పై.
ఈసారి లెక్క నాది.
ఛాతీ తట్టి, చెయ్యి ముందుకు చాపి: వదులు.
తల అడ్డంగా ఊపినాడు.

పైకొచ్చినాక అడిగితే
చాలాసేపు బీడీకట్ట వైపే చూసినాడు.
"వానాకాలమొస్తే పోలీసోళ్లు నన్నే పిలుస్తారు గదా మే.
కండ్లు పనికిరావు. కాళ్లతో తడుముతా.
దొరుకుతాది. భుజం పట్టుకుంటా.
ఇన్నేండ్లూ ఇద్దరమూ ఊపిరి లేకనే పైకొస్తిమి.
ఆ పక్కన కూసోని నేనొక్కన్నే పీల్చుకోవాలంటే
సిగ్గైతాది."

నేను చదివిన పుస్తకంలో దీనికి పేజీ లేదు.
చెవినొప్పికి ఉంది. భయానికి ఉంది.
పిక్క పట్టేస్తే ఏం చేయాలో బొమ్మతో సహా ఉంది.

మళ్లీ దిగినాము.
ఆయన అరచెయ్యి పట్టుకుని
నా నోటి పక్క, బుడగలు పోయే దారిలో పెట్టినాను.
పీల్చినాను. ఆగకుండా వదిలినాను.
వేళ్ల సందుల్లోంచి పోతా ఉన్నాయి.
చేపలమ్మిన చెయ్యి, పీనుగుల్ని మోసిన చెయ్యి
వాటిని పట్టుకోబోయింది.

యాభైమూడో లెక్క కాడ ఒకటి,
కందిగింజంత, దొంగలాగ.
ఆ తర్వాత గుప్పున, ఇంకా, ఇంకా.

అద్దం వెనక ముడతలన్నీ కదిలినాయి.
బొటనవేలు పైకెత్తి చూపినాడు.

నీళ్లలో ఆ సైగకు ఒకటే అర్థం: పైకి పోదాం.
ఎవరు చూపినా, ఎందుకని అడక్కుండా తీసుకుపోవాలి.
ఆ మాట కింద సంతకం చేసొచ్చినదాన్ని.
భుజం పట్టుకుని పైకి తెచ్చినాను.

రెగ్యులేటరు ఊసేసి కోప్పడినాడు:
"బాగుండాదని చెప్తి గదమ్మే మాబున్నీ,
అప్పుడే ఎందుకు తీస్తివి?"