పదకొండు కిలోమీటర్లు

మైళ్ళ మీటరుని మేం సున్నాకి తిప్పలేదు.
రెండు లక్షల నాలుగు వేలు అప్పటికే తిరిగిందది,
అంతా హల్ ఊళ్ళోనే.
ఇంటి నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి,
కొన్నిసార్లు ఇంటికి కాకుండా.

కొత్తది రాగానే
ఈ అంబులెన్సుని తుక్కు కింద అమ్మెయ్యమన్నారు.
మంగోలియాలో ఏదో ఆస్పత్రికి బండే లేదట,
రొట్టెలు కాల్చే డన్‌స్టన్ ఎక్కడో విని వచ్చాడు.
"తోలుకుపోదాం విన్నీ" అన్నాడు,
పక్కవీధికి పిండిబస్తా చేరేసినంత తేలిగ్గా.

ఐదేసి పౌన్లిచ్చిన వాళ్ళ పేర్లు బండి పక్కన రాశాం.
మిసెస్ థ్రెల్‌ఫాల్ తన పేరు వద్దంది,
పోయిన కుక్క పేరు రాయమంది.
రాశాం: బిస్కెట్.

జర్మనీ అంతా వాన.
ఏ దేశంలోనైనా
అద్దంలో మమ్మల్ని చూసి కార్లు పక్కకి జరిగేవి.
లోపల రోగి లేడు,
చేపల డబ్బాలూ, టీ కెటిలూ, నా మోకాలి నొప్పీ.
సిగ్గేసి ఎర్జురుంలో సైరన్ తీగ పీకేశాను.
అయినా జరిగేవాళ్ళు.

అలాత్ రేవులో, ఓడెప్పుడని అడిగితే
గుమాస్తా తలెత్తకుండా "రేపు" అన్నాడు.
నాలుగు రోజులు అదే రేపు,
తలుపు మీద సుద్దతో రాసిన రేపు.
అయిదోనాడు ఓడే వచ్చింది, ఏ చెప్పాపెట్టా లేకుండా.

బెయ్‌నెయు దాటాక బండి కమాను విరిగింది.
సగిందిక్ అనే వెల్డరు
పాత ట్రాక్టరు కమాను కోసి అతికించాడు,
నిప్పురవ్వల మధ్య నోట్లో సిగరెట్టు ఆరనియ్యకుండా.
డబ్బివ్వబోతే చెయ్యి అడ్డంపెట్టాడు.
చందాల డబ్బా చూసి, ఎవరికని సైగ చేశాడు.
తూర్పుకి చూపించాను.
జేబులోంచి రెండువేల టెంగె నోటు తీసి, మడిచి,
డబ్బా కంతలో దూర్చాడు.
నీళ్ళు నమలడానికి
ఆ ఎడారిలో నీళ్ళు కూడా లేవు.

ఆ రాత్రి డన్‌స్టన్ గురకకి ముందు సీటు వదిలేసి
వెనక స్ట్రెచరు మీద పడుకున్నాను.
తొమ్మిదేళ్ళు ఎందరినో పడుకోబెట్టాను దాని మీద,
ఒక్కసారీ నేను పడుకోలేదు.
పైన రెండు మరలు, వాటి మధ్య తుప్పు మరక,
మెడ తిప్పిన బాతులా ఉంది.
ఎంతమంది చూశారో దాన్ని.
ఎవరికి అదే ఆఖరో.
"ఏం కాదు, ఏం కాదు" అంటూ
నేను వాళ్ళ మొహాలే చూస్తూ ఉన్నాను అన్నేళ్ళూ.

ఆల్టాయ్ కొండలవతల, ఇరవై మంచాల ఆస్పత్రి.
నన్సల్మా డాక్టరు బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది.
వంగి కింద చూసింది. బూటుతో టైరు తన్నింది.
దాంబా అనే కుర్రాడు, వాళ్ళ డ్రైవరు,
ఆమె మాటల్ని నెమ్మదిగా మాకు అందించాడు:
మంచి బండే. కానీ వాగు దాటదు.
మంచు కరిగితే బురద ఎక్కదు.
నాలుగు చక్రాలూ తిరిగేది కావాలి ఇక్కడ.

డన్‌స్టన్ మొహం పొయ్యిలో పొంగని రొట్టె.

ఉప్పేసిన పాల టీ పోసింది డాక్టరు.
మేం తాగేదాకా ఆగి, అప్పుడంది:
విమానం దిగే మైదానం దాకా తారురోడ్డుంది,
పదకొండు కిలోమీటర్లు.
పెద్దాస్పత్రికి పంపాల్సిన వాళ్ళని ఇన్నాళ్ళూ
బొగ్గు లారీలో పంపుతున్నాం.
అక్కడిదాకా తిరుగుతుంది.

లెక్క కట్టలేదు నేను,
ఎన్ని వేల మైళ్ళకి ఎన్ని కిలోమీటర్లో.

మర్నాడు మా విమానానికి దాంబానే తోలాడు.
ఆ రోడ్డు మీద దాని మొదటి సవారీ మేమే,
జబ్బు లేని ఇద్దరం.
దిగాక, బండి పక్కనున్న పేర్లన్నీ
అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు.
ఒకచోట ఆగాడు.
"ఈ బిస్కెట్ ఎవరు?"

"చందా ఇచ్చినామె చుట్టం" అన్నాను.
తలూపి,
చొక్కా చేత్తో ఆ పేరు మీద దుమ్ము తుడిచాడు.