ఆకాశాన్ని అడిగి చెప్తాను

పెళ్ళిగౌను ఎప్పటికిస్తావు విదాద్, అంటుంది
మార్లీన్ మేనత్త, గుమ్మంలో నిలబడే.
ఆకాశాన్ని అడిగి చెప్తాను, అంటాను.
ఆమె నవ్వుతుంది.
నేను నవ్వను.

మా జహ్లేలో సర్కారువారి కరెంటు
చుట్టపుచూపుగా వస్తుంది,
కూర్చున్నచోటు వేడెక్కకముందే లేచిపోతుంది.
వీధి చివర అబూ రిజ్క్ జనరేటరు మాత్రం
నిద్రలోనూ వడ్డీ లెక్కపెట్టేవాడిలా
గురకపెడుతూనే ఉంటుంది.
నెలాఖరుకి అతని కొడుకు మీటరు చూసి
డాలర్లలో చీటీ చింపి ఇస్తాడు.
గాజులు నాలుగూ అమ్మి, మిగతాది అప్పుచేసి
డాబా మీద ఆరు నల్లటి పలకలు పరిపించింది
ఆ చీటీ చేతిలో ఉన్న రోజునే.

అప్పట్నుంచి నా పనికి వారాలు లేవు.
మబ్బు పడితే కత్తిరింపు, కాజాలు, అంచులు,
వేళ్ళతో అయ్యేదంతా.
పలచటి ఎండకి కుట్టుమిషను.
నిండు ఎండ కాస్తేనే ఇస్త్రీ.
ఇస్త్రీపెట్టె మా ఇంటి తిండిపోతు;
అది భోజనానికి కూర్చుంటే
ఫ్రిజ్ నోరు మూసుకోవాలి,
నీళ్ళ మోటారు మర్యాదగా పక్కకి తప్పుకోవాలి.
దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్న మనిషి
ఏ డాబా మీద నిలబడి అన్నాడో గాని!

ఆగస్టు నాకు పండగ అనుకున్నాను.
నడినెత్తిన సూర్యుడు, రేకు మీద కాలు పెడితే బొబ్బ,
అయినా లెక్క ఎక్కడో తగ్గుతోంది.
అక్క కొడుకు కరమ్ ఫోన్లో గీతలు చూసి,
పలకలకి వడదెబ్బ కొట్టింది పిన్నీ, అన్నాడు.
మళ్ళీ ఫిబ్రవరిలో, తుఫాను వెలిసిన తెల్లారి,
సన్నీన్ కొండ నిండా మంచు,
గాలి చెవులు కోస్తోంటే
వాడే కిందికి పరిగెత్తుకొచ్చాడు:
ఈ మధ్యాహ్నం అంత ఎప్పుడూ రాలేదు!
వాటికి కావలసింది వెలుగట, వేడి కాదట.

సూదిలో దారం ఎక్కిస్తూ చాలాసేపు ఆలోచించాను.
ఇన్నేళ్ళూ రెండూ ఒకటే అనుకున్నాను.
నా పెళ్ళినాడు కూడా.

ఇప్పుడు ఏప్రిల్. మార్లీన్ పెళ్ళికి ఐదు రోజులు.
ఖమ్సీన్ గాలి ఎడారిని మూటగట్టుకొచ్చి
ఊరి మీద విప్పింది.
పసుపు రంగు ఆకాశం. సూర్యుడు
పాత నాణెంలా, చెల్లకుండా.
మూడోనాటి రాత్రి నాలుగు చినుకులు పడ్డాయి,
ఆ చినుకులూ బురదే.
బ్యాటరీ అడుగంటింది.
పదకొండు మీటర్ల శాటిన్ కొక్కేనికి వేలాడుతూ
ఒళ్ళంతా ముడతలతో నన్ను చూస్తోంది.
జనరేటరు మీద ఇస్త్రీ చేస్తే
కూలి డబ్బు అటునుంచటే పొగగొట్టంలోకి.

అద్దం వేడెక్కకముందే కడగాలి కదా అని
చీకటితోనే బాల్చీ, తుడుపుకర్రతో పైకెక్కాను.
డాబాలన్నిటి మీదా మనుషులు.
నైట్‌గౌనుల్లో, బనీన్లలో,
ఎవరి పలకలకి వాళ్ళు స్నానం చేయిస్తున్నారు,
పసిబిడ్డల చెవుల వెనక తుడిచినట్టు.
వీధి చివరి మేడ మీద
లుంగచుట్టిన పైజామాతో, మోకాళ్ళ మీద,
అబూ రిజ్క్.

నేను చూశానని అతను చూశాడు.
కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.
తర్వాత గుడ్డ పిండుకుంటూ కేకేశాడు:
డీజిల్ మండిపోతోంది విదాద్, ఏం చెయ్యను!

ఎనిమిదిన్నరకి ఎండొచ్చింది.
కడిగిన అద్దాల మీద, చల్లగాలిలో, మంచి ఎండ.
ఫ్రిజ్ ఆపాను, మోటారు ఆపాను,
ఊపిరి ఒక్కటే ఆపలేదు.
చేతులు, నడుము, వెనకజీరాడే కొస, ఒక్కొక్కటీ.

గౌను పట్టుకెళ్ళారు. అందరూ మెచ్చుకున్నారు.
ఎడమవైపు కుచ్చిళ్ళ లోపల, ఎవరూ చూడనిచోట,
జానెడు ముడత అలాగే ఉండిపోయింది.
పదకొండూ నలభైకి
ఒక మబ్బు.